దొరస్వామి చూడని మొహం

పుత్తూరులో ఎముకలు సర్ది కట్టు కట్టే దొరస్వామి, చెయ్యి విరిగి వచ్చినవాడి చెయ్యి చూడడు, మొహం చూస్తాడు. వేళ్లు తమ పని తాము చేసుకుపోతుంటే కళ్లు మాత్రం ఎదుటివాడి కనుబొమల మీదే ఉంటాయి. "పొద్దున ఏం తిన్నావప్పా?" అంటాడు. వాడు ఇడ్లీ అనేలోపు ఎముక చోటికి వచ్చేసి ఉంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. మొహాలు చదివే ఆ విద్యను కట్లు కట్టే అరుగు దాటించడమే ఆయనతో వచ్చిన చిక్కు. ఒక పెళ్లి పంక్తిలో కూర్చుని, "ఆ మూలనుండే ఆయప్ప అలిగినాడు, వడ పడలేదు" అని తేల్చేశాడు. నిజానికి పాపం ఆ పెద్దమనిషి వేడి వడ నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకున్నాడు.

అలాంటి మనిషి ఇంట్లో కూతురు భానుశ్రీకి పెళ్లిచూపులు. వడమాలపేట నుంచి నరేంద్ర తల్లిదండ్రులతో వచ్చాడు. పిల్లలిద్దరూ తిరుపతిలో ఒకే ఎక్స్‌రే సెంటరులో పనిచేస్తారు. వచ్చి అడగమని చెప్పింది భానుశ్రీయేనని తల్లి మునిరత్నమ్మకు తెలుసు. తండ్రికి తెలియదు.

దొరస్వామి కళ్లు పెళ్లికొడుకు మొహానికి అతుక్కుపోయాయి. నరేంద్ర కాఫీ అందుకోవడానికి లేచాడు, మొహం చిట్లించాడు. భానుశ్రీ వచ్చి కూర్చుంటే కొంచెం జరిగాడు, పళ్లు బిగించాడు. దొరస్వామికి కడుపు మండింది. భార్యను వంటింట్లోకి పిలిచాడు.

"ఆ పిల్లోడికి మన బిడ్డ నచ్చలేదే. మొగం సూసినావా, యాపాకు నమిలినట్టుండాది."

"వాళ్లు పోయినాక మాట్లాడు," అంది మునిరత్నమ్మ.

ఆగితే దొరస్వామి ఎందుకవుతాడు? బయటికొచ్చి నరేంద్ర తండ్రికి చేతులు జోడించాడు. "మీ వాడికి ఇష్టం లేదబ్బా. బలవంతపు సంబంధం మనకొద్దు. ఇంతటితో ఆపేద్దాం."

లోపలికి పోబోతున్న భానుశ్రీ తలుపు దగ్గరే కొయ్యబారిపోయింది. "అయ్యో, లేదు మామా!" అంటూ నరేంద్ర దిగ్గున లేచాడు. కుడికాలు నేలకు ఆనగానే కెవ్వుమని కూలబడ్డాడు.

నరేంద్ర తల్లి గుట్టు విప్పింది. "పొద్దున మెట్లు దిగతా కాలు మడతేసుకున్నాడన్నా. కట్టు కట్టేవాళ్లింటికి కుంటుకుంటా పోతే వైద్యానికొచ్చినామనుకుంటారని దాచినాడు."

"దినానికి నలభై కాళ్లు సూస్తావే! ఇంటికొచ్చిన ఒక్క కాలు కనపడలేదా?" అంది మునిరత్నమ్మ.

దొరస్వామి నేల మీద కూర్చుని ఆ కాలు ఒళ్లోకి తీసుకున్నాడు. చీలమండ బాగా వాచి ఉంది. పొద్దున ఏం తిన్నావని అడగబోయి ఆగాడు.

"మా బిడ్డ నచ్చిందా అప్పా?"

"నచ్చిం..." మిగతాదంతా అరుపే.

అలవాటుగా తలెత్తాడు. నరేంద్ర మొహం పక్కకు తిప్పుకున్నాడు. అతని వెనక కూతురు కనిపించింది. కాలు లాగింది నరేంద్రది, కళ్లు గట్టిగా మూసుకుని పెదవి కొరుక్కుంటున్నది భానుశ్రీ. ఊరందరి మొహాలూ చదివి బిడ్డ మొహం చూడలేదని దొరస్వామికి సిగ్గేసింది.

"మెల్లిగా నాయనా," అంది భానుశ్రీ.

ముప్పై ఏళ్ల వృత్తిలో మొదటిసారి దొరస్వామి కట్టు మెల్లిగా కట్టాడు.