తొట్టెలకు కట్టిన గంట

ఇది మహాయుద్ధ గాథ. ఇందులో కోటగోడ కూలుతుంది, సేన లోపలికి చొచ్చుకొస్తుంది, ఒక రాణిగారి పట్టుచీర నేలపాలవుతుంది. గుండె దిటవు చేసుకుని చదవండి.

అని మొదలుపెడదామనుకున్నాను గాని, మా అక్క ఈ కాగితం చూసే ప్రమాదం ఉంది కనుక నిజమే చెబుతాను. కోటగోడ అంటే గొర్రెపిల్లల దొడ్డికి కట్టిన తడక. సేన అంటే ఆ పిల్లలే. రాణి అంటే కేతేపల్లి అత్త, మా అక్కకు అత్తగారు. ఇక దండయాత్రకు దారి చూపిన మహానుభావుణ్ణి నేను.

అక్క తొలికాన్పుకు మా ఇంటికి వచ్చింది. కొడుకు పుట్టాడు. పుట్టి ఊరుకోక ఏడవడం మొదలుపెట్టాడు. పాలు తాగుతూ తాగుతూ కళ్లు మూస్తాడు. మెల్లగా తొట్టెలలో, అదే ఉయ్యాలలో, వేస్తాం. వీపు గుడ్డకు తగిలిందో లేదో, ఊరు లేస్తుంది. నిద్రలేక అక్క ఒకనాడు తలకు రాసుకోమని ఇచ్చిన ఆముదాన్ని నెయ్యనుకుని అన్నంలో కలుపుకుంది. అమ్మ దిష్టి తీసింది. వాడకట్టు ఆడవాళ్లు తలా ఒక మందు చెప్పారు. అన్నీ వాడితే పిల్లవాడి మాటేమో గాని, వాడకట్టు మొత్తానికి విరేచనాలయ్యేవి.

ఇంతలో కేతేపల్లి నుంచి కబురు. శుక్రవారం సాయంత్రం బస్సుకు అత్త వస్తుందట. పిల్లవాడు ఇంకా ఇట్లాగే ఏడుస్తుంటే తల్లినీ బిడ్డనూ వెంట తీసుకుపోతుందట. ఆ ఇంటినిండా జనం, గొడ్లు, పొయ్యి మీద పెద్ద కుండలు. అక్కకు నడుం వాల్చే తీరుబడి దొరకదు.

"తమ్మీ, ఆమె వచ్చినంక ఒక్క గడియ వీడు పండుకుంటె సాలు. ఇంకొన్ని దినాలు ఈడ్నే ఉంట. ఏమన్న జెయ్యి" అంది అక్క.

అయ్యా, నాలాంటివాడికి అంత స్వేచ్ఛ ఇవ్వకూడదు.

మాది గొర్ల ఇల్లు. నాయిన మందను మేతకు తోలుకుపోతే, పాలు మానని పిల్లలు దొడ్లోనే ఉండి పొద్దంతా అరుస్తాయి. పొద్దుగూకే వేళ మంద ముందు నడిచే ముసలి గొర్రె మెడగంట వినబడుతుంది. కాసేపటికి ఒక్క పిల్లా అరవదు. అరుపు, గంట, నిశ్శబ్దం. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. ఇంత తేలిక మందు ఇంట్లో పెట్టుకుని దిష్టి తీయడమేమిటి? గంటకూ నిశ్శబ్దానికీ నడుమ పొదుగు అనే వస్తువొకటి ఉందన్న సంగతి నాకు తట్టలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నయం, వాడు కనీసం పిల్లనే వెతికాడు.

శుక్రవారం మధ్యాహ్నం మంద వాగు దగ్గర నీడపట్టున నిలిచింది. నాయిన గొంగడి ముసుగేసి కునుకు తీస్తున్నాడు. ముసలి గొర్రె మెడలోంచి గంట విప్పి, మోగకుండా గంట లోపల గడ్డి కుక్కి, ఇంటికి తెచ్చి తొట్టెల తాడుకు కట్టాను.

"ఇదేందిరా?" అంది అక్క.

"మందు."

"తాపేదా, రాసేదా?"

"ఊపేది."

బస్సు దిగి అత్త వచ్చింది. ఒంటి మీద పట్టుచీర, ముఖంలో తనిఖీ. కాళ్లు కడుక్కుని తొట్టెల పక్కన చాప మీద కూర్చుంది. అప్పుడే పాలు తాగి తొట్టెలలో పడ్డ పిల్లవాడు రాగం అందుకున్నాడు. అక్క నా వైపు చూసింది. నేను గంటలోంచి గడ్డి పీకి, తొట్టెలను గట్టిగా ఊపాను.

వాడు నిజంగానే నోరు మూశాడు. కొత్త చప్పుడు కదా. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను తల వంచుకుని పొగడ్త కోసం ఎదురుచూశాను. వినబడింది తడక విరిగిన చప్పుడు.

పొద్దుటి నుంచి ఖాళీ కడుపులతో ఉన్న పిల్లలన్నీ తల్లులు వచ్చాయనుకుని గంట దిక్కుకు ఉరికాయి. గడప దూకి, గంజికుండ దొర్లించి, తొట్టెల కిందికి చేరాయి. అక్కడ వాటికి అందే ఎత్తులో కూర్చున్నది అత్త ఒక్కతే. ఆకలేసిన గొర్రెపిల్ల వరసలు చూడదు. ఒకటి కొంగు, ఒకటి మోచెయ్యి, ఒకటి చెవి అందుకుని చీకడం మొదలుపెట్టాయి.

"వదినె, మీ ఇంట్ల సుట్టాలకు గిట్లనె మర్యాద జేస్తరా?" అంది అత్త, కొంగు గుంజుకుంటూ.

అమ్మ చీపురు తిరగేసింది. ఏ పిల్లను ముందు కొట్టాలో తెలియక నన్ను కొట్టింది. గంట ఆపుదామని తాడు పట్టుకుంటే అది ఇంకా మోగింది. బయటి నుంచి నాయిన అడుగుతున్నాడు, గంట ఎవడు గుంజుకపోయిండని. గంట లేని మంద దారి తప్పి సగం సాయిబు జొన్నచేన్ల వడ్డదని. పిల్లవాడు మళ్లీ రాగం ఎత్తుకున్నాడు. గొర్రెపిల్లలు వంత పాడాయి.

అక్క గోడకు చేరగిలబడి, "ఇగ మూట గట్టుకుంట" అంది.

అత్త లేచింది. గొర్రెపిల్లలకు అందకుండా మనుమణ్ణి తొట్టెలలోంచి తీసి భుజాన వేసుకుంది. ఒక కాలితో గొర్రెపిల్లను నెడుతూ, ఒక చేత్తో వాడి వీపు తడుతూ నిలబడింది. కాసేపటికి ఆ పిడికెడు మనిషి పంచాయతీ పెద్దమనిషిలాగా ఒక్క తేన్పు తేన్చాడు. గొర్రెపిల్లలు కూడా ఆగి చూశాయి. వాడు అత్త భుజం మీద చెంప ఆనించి నిద్రపోయాడు. తొట్టెలలో వేసినా లేవలేదు.

"నువ్వు పండుకో పిల్లా" అంది అత్త అక్కతో. "గీన్ని నేను జూసుకుంట. ఈడ్నే ఉంట, యాడికి బోను."

అక్క ఆ గంజి తడిలోనే ఒరిగి మర్నాడు పొద్దెక్కినాక లేచింది.

నేను మాత్రం చీపురు దెబ్బల సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట గొర్రె వైద్యం గొర్రెకే, మనిషి వైద్యం ఎవరికీ చెయ్యను.

పాలు తాగిన పిల్లవాణ్ణి వెంటనే పడుకోబెట్టకూడదట. తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవాలట.