రబ్బరుకు తగలనీకండి

జార్జి టౌన్‌లో మా దుకాణం ఉన్న సందుకు ఎవరూ దారి అడగనక్కర్లేదు. ముక్కు ఉంటే చాలు. థిన్నర్, టర్పెంటు, ఎసిటోన్, స్పిరిటు డ్రమ్ముల్లో తెప్పించి డబ్బాల్లో పోసి అమ్మడం మా ఇంటి వ్యాపారం. తాత మొదలుపెట్టాడు, నాయన నిలబెట్టాడు, నేను కెమిస్ట్రీలో డిగ్రీ తెచ్చి గోడకు తగిలించాను. దానివల్ల అమ్మకాలు పెరగలేదు గానీ, ఆ గోడ మీద చెమ్మ మరక మాత్రం కనపడకుండా పోయింది.

నా చదువు పనికొచ్చే సందర్భం ఒకటుంది. ఎవరైనా వచ్చి, "దీన్ని కడగాలి, ఏమిస్తారు?" అని అడిగినప్పుడు. మురికి ఏమిటో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. మురికి పక్కన ఏముందో తెలిస్తే మిగతా సగం. ఎందుకంటే కరిగించే ద్రవానికి పక్షపాతం లేదు. తనవల్ల అయిందల్లా కరిగిస్తుంది.

ఫైబర్ బోటు వెనక తగిలించే ఇంజను కార్బొరేటర్ సంగతే తీసుకోండి. ఆ ఇంజన్లు పెట్రోలుతో మొదలై కిరసనాయిలుతో నడుస్తాయి. కొన్నాళ్ళు వాడకుండా పెడితే లోపల మిగిలింది జిగురుగా గట్టిపడి, సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. థిన్నర్ పోస్తే ఆ జిగురు ఇట్టే వదిలిపోతుంది. అదే ఉత్సాహంతో అది లోపలి రబ్బరు రింగుల మీదా పని చేస్తుంది. రింగులు ఉబ్బుతాయి, ఆరాక ముడుచుకుంటాయి, తర్వాత ఇంధనాన్ని ఆపలేవు. టర్పెంటు నెమ్మదస్థురాలు, రబ్బరు జోలికి పెద్దగా పోదు. కిరసనాయిలు ఇంకా నెమ్మది. ఓ పూట నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, ఓపిక పట్టాలి. ఓపిక మా దుకాణంలో దొరకదు. కిరసనాయిలూ దొరకదు.

ఇదంతా నాకు బాగా తెలుసు. తెలియక చేసి ఉంటే ఇప్పుడు ఇంత బాధ ఉండేది కాదు.

మా దుకాణంలో బోణీకి ఒక పద్ధతుంది. పొద్దున వచ్చిన మొదటి మనిషితో "లేదు" అనకూడదు. అడిగింది లేకపోతే దానికి దగ్గరగా ఉన్నదేదో ఇచ్చి పంపాలి. వట్టి చేతులతో మనిషి మెట్టు దిగితే ఆ రోజంతా అలాగే పోతుందని నాయన నమ్మకం. బోణీకి ఫోనులో డబ్బు వేస్తే కూడా ఒప్పుకోడు. నోటు చేతికి రావాలి, కళ్ళకద్దుకోవాలి. డబ్బు చేరిందని ఫోను అరిస్తే అది లక్ష్మి గొంతు కాదట.

వేసవిలో పెద్ద బోట్లకు సముద్రం మీద వేట నిషేధం ఉండే రోజులవి. చిన్న ఫైబర్ బోట్లకు ఆ కట్టడి లేదు. పెద్దవి ఒడ్డున పడుంటే చేప ధర ఎక్కుతుంది. చిన్న బోటువాళ్ళకు ఏడాదిలో కాస్త నవ్వే కాలం అదే. అలాంటి ఒక పొద్దున, నాయన ఇంకా పటానికి అగరుబత్తి తిప్పుతుండగానే కాశిమేడు చేపల రేవు నుంచి ఒకాయన వచ్చాడు. మాకు పాత ఖాతాదారే. ఆయనకూ తమ్ముడికీ కలిపి ఒకటే బోటు. అన్న వల వేస్తాడు, తమ్ముడు ఇంజను చూసుకుంటాడు.

"అక్కా, టర్పెంటు ఒక డబ్బా ఇయ్యి. సీక్రం. తమ్ముడు కార్బొరేటర్ ఊడదీసి ఆడ ముందర పెట్టుకోని కూసోనుండాడు."

"ఏమైందన్నా ఇంజనుకి?"

"ఏముంది, మా మామ పొద్దన్నే బీడీ తాగి దగ్గినట్టు దగ్గతాది, నిలిచిపోతాది. రేపు తెల్లార్తో బోటు పోవల్ల."

టర్పెంటు డ్రమ్ము ముందురోజే ఖాళీ అయింది. నేను నాయన వైపు చూశాను. అగరుబత్తి తిరగడం ఆగింది. మా ఇంట్లో పెద్ద మాటలన్నీ అలాగే చెబుతారు.

"మీ క్యాన్‌లో ఉన్న కిరసనాయిలే చాలన్నా, పొద్దుగూకేదాకా నానెయ్యండి" అనాలి. ఆ వాక్యం నోటిదాకా వచ్చింది. దాని చివర అమ్మకం లేదు.

"థిన్నర్ ఉందన్నా. ఇంకా తొందరగా వదుల్తుంది" అన్నాను.

అబద్ధం కాదు. అగరుబత్తి మళ్ళీ తిరిగింది. ఆయన నోటు ఇచ్చాడు, నాయన కళ్ళకద్దుకున్నాడు. డబ్బా చంకన పెట్టుకొని ఆయన మెట్టు దిగి, అడ్డంగా వచ్చిన చేతిబండిని తప్పించుకుంటున్నప్పుడు నేను వెనకనుంచి, "రబ్బరుకు తగలనీకండి" అన్నాను. అన్నానని ప్రమాణం చేయగలను. ఆయన విన్నాడని చేయలేను.

వారం తిరక్కుండానే ఆయన మళ్ళీ వచ్చాడు. చేతిలో తాటిముంజల సంచి.

"మీరు చేపలు తినరు గదా, ఇవి తెచ్చినా. అబ్బ, ఏం సరుకు ఇచ్చినావక్కా! కార్బొరేటర్ పెళ్ళిలో ఇచ్చే వెండిగ్లాసు మాదిరి మెరిసింది."

"అయితే ఇంజను బాగా నడుస్తోందా?"

"యాడ నడిచేది! మొదటిరోజు జింక మాదిరి పోయింది. రెండోరోజు నడి నీళ్ళల్లో నిలిచిపోయ. కార్బొరేటర్ కింద ఒకటే కారతా ఉండాది. ఇంకో బోటోళ్ళు తాడు కట్టి లాక్కొచ్చినారు. నీ సరుకు మీద తప్పులేదక్కా. మా వాడి చేతులు అట్టాంటివి. బిగించేటప్పుడు సెల్లు చూసుంటాడు. ఒడ్డు మీద అందరి ముందర తిట్టినా ఆడ్ని. ఇంక బోటు ఎక్కొద్దన్నా. మనలి ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి పోతాడంట. పోనీ, మంచిది."

ఏం జరిగిందో ఆయన చెబుతుండగానే నాకు అర్థమైంది. ఆ క్షణంలో నేను చేసిన పని ముంజల సంచి అందుకోవడం.

ఆ సాయంత్రం నాయనకు చెప్పాను. నాయన ముంజ ఒకటి ఒలుచుకుంటూ, "జాగ్రత్త అని చెప్పినావు కదమ్మా" అన్నాడు.

"వీపుకి చెప్పాను నాయనా."

"చెవులు ముందరేం ఉండవు, పక్కనుంటాయి" అని ముంజ నోట్లో వేసుకున్నాడు.

నేను ఒక కొత్త రబ్బరు రింగు తెప్పించి, స్టీలు గ్లాసులో థిన్నర్ పోసి అందులో వేశాను. ఏమవుతుందో తెలుసు. కానీ చదువుకున్నవాళ్ళకు ఈ సౌకర్యం ఉంది. వెళ్ళి చెప్పాల్సిన మాటను పరీక్ష పేరుతో ఒక పూట వాయిదా వేయొచ్చు. తెల్లారేసరికి రింగు నానిన శనగగింజలా ఉంది. ముంజలు నేను ముట్టలేదు. పాడైపోతాయని నాయన అన్నీ తిన్నాడు.

ఉబ్బిన రింగునూ, ఆ ఇంజనుకు సరిపడే కొత్త రింగుల పొట్లాన్నీ సంచిలో వేసుకొని కాశిమేడు పోయాను. బోటు ఇసుక మీద ఉంది. అన్న దాని నీడలో కూర్చొని వల చిక్కు తీస్తున్నాడు. అవతల తమ్ముడు ఇంజను దగ్గర గుడ్డ పరిచి తన స్పానర్లు ఏరుకుంటున్నాడు. పనిముట్లు తనవి, తీసుకుపోవడానికి వచ్చాడు. ఇద్దరి మధ్యా ఒక బోటంత దూరం ఉంది.

"వాడి చేతుల్లో తప్పేం లేదన్నా" అని మొదలుపెట్టాను. రింగు చూపించాను. "థిన్నర్‌లో నానితే ఇట్లా అవుతుంది. మీరు టర్పెంటు అడిగారు. లేదని చెప్పకుండా నేను ఇది అంటగట్టాను."

తమ్ముడు లేచి వచ్చి రింగు తీసుకొని వేళ్ళ మధ్య నొక్కి చూశాడు. "రబ్బరుతో సహా రాత్రంతా నానేసినా నేను. బాగా వదలాలని" అన్నాడు.

అన్న వల వదల్లేదు. తలెత్తకుండానే, "అక్క చెప్పిందిరా" అన్నాడు.

"ఏమని?"

"రబ్బరుకు తగలనీయొద్దని. చేతిబండి దాటతా ఉన్నప్పుడే ఇనపడింది నాకు. నీకు చెప్పల్లనుకున్నా. ఈడికి వచ్చేలోపల మర్చిపోయినా."

"మళ్ళా ఎప్పుడు జ్ఞాపకమొచ్చింది?"

అన్న చాలాసేపు ముడి విప్పాడు. "తాడు కట్టి లాక్కొస్తా ఉన్నప్పుడు."

"అంటే ఒడ్డుకు రాకముందే. నన్ను తిట్టకముందే."

అన్న మళ్ళీ వల మీదికి వంగాడు. నేనిప్పుడు చెప్పబోయేది ఎవరికీ నచ్చదు గానీ, ఆ క్షణంలో నాకు ఎంతో హాయిగా అనిపించింది. విన్నాడు. నా మాట చేరింది. నా వంతు నేను చేశాను.

"నువ్వెందుకక్కా నవ్వతా ఉండావు?" అన్నాడు తమ్ముడు.

నవ్వుతున్నానని నాకు తెలియదు. మొహం సర్దుకోవడానికి కాస్త సమయం పట్టింది. ఇక దాచడానికి మిగిలింది ఒక్కటే ఉంది. అదీ చెప్పేశాను.

"అసలు ఏదీ కొనక్కర్లేదు తమ్ముడూ. మీ క్యాన్‌లో ఉన్న కిరసనాయిలు సరిపోతుంది. ఆ పొద్దున కూడా నాకు ఆ సంగతి తెలుసు."

"తెలిసి?"

"బోణీ."

అతను నవ్వాడు. వినడానికి బాగాలేని నవ్వు. "సరిపోయింది. మీ బోణీకి మమ్మల్ని నీళ్ళల్లో నిలబెట్టినారు. మా అన్న పరువుకి నన్ను ఒడ్డు మీద నిలబెట్టినాడు. ఇద్దరూ పెద్దోళ్ళే."

నేనూ అన్నా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తమ్ముడు చెయ్యి చాపాడు. "ఆ రింగులు ఈడియ్యక్కా." తర్వాత అన్నతో అన్నాడు: "తిట్టింది అందరి ముందర. ఇదీ అందరి ముందరే చెప్పల్ల."

అన్న లేచి, పక్క బోట్ల దగ్గరున్న వాళ్ళ వైపు తిరిగి, తప్పు తనదేనని, తమ్ముడిది కాదని ఏదో అన్నాడు.

"ఇనపడలా" అన్నాడు తమ్ముడు. "తిట్టినప్పుడు లైటుహౌసు దాకా ఇనపడింది."

అన్న మళ్ళీ చెప్పాడు. ఈసారి అవతలి బోటు కింద నిద్రపోతున్నవాడు కూడా లేచి కూర్చున్నాడు. తమ్ముడు గుడ్డలో మూటగట్టిన స్పానర్లను మళ్ళీ ఇసుక మీద పరిచాడు. అంతే. భుజాలు తట్టుకోవడాలు జరగలేదు. నేను బస్సెక్కేటప్పటికి వాళ్ళిద్దరూ ఇంజనుకు చెరో పక్కనా కూర్చున్నారు.

కొన్నాళ్ళ తర్వాత ఒక పొద్దున షట్టరు సగం లేచేసరికే తమ్ముడు వంగి లోపలికి వచ్చాడు. నాయన చేతిలో అగరుబత్తి.

"కార్బొరేటర్ కడగాలక్కా. ఏమిస్తావు?"

అతను మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. అగరుబత్తి ఆగింది. వెనక టర్పెంటు డ్రమ్ము నిండుగా ఉంది.

"ఏమీ వద్దు. కిరసనాయిలుతో కడుక్కోండి. అది మా దగ్గర లేదు" అన్నాను.

నాయన కళ్ళు మూసుకున్నాడు. పూజ కోసం కాదు.

తమ్ముడు నన్నూ నాయననూ మార్చి మార్చి చూసి, జేబులోంచి నోటు తీశాడు. "ఊరికే పోతే మీ నాయన నన్ను చంపతాడు. రుద్దేదానికి ఒక బ్రష్ ఇయ్యి."

బ్రష్ ఇచ్చాను. నోటు నాయన చేతికి చేరింది. తమ్ముడు మెట్టు దిగబోతుంటే నేను గల్లా దాటి ముందుకు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "ఇది ప్లాస్టిక్ బ్రష్. థిన్నర్‌లో మాత్రం పెట్టొద్దు. వినపడిందా?"

"నువ్వు థిన్నర్ ఇయ్యలా గదక్కా" అన్నాడు.

"అయినా. వినపడిందా?"

"ఇనపడింది." పక్కకు తప్పుకోమన్నట్టు బ్రష్ ఊపాడు. "మా అన్నకు కూడా చెప్తాలే."