వాదీలో బావ ఏరిన రాళ్ళు

మొన్న కువైట్‌లోని మహబూలాలో ఉంటున్న మా అక్క కొడుకు ఒక వీడియో పంపాడు. సెలవురోజున నలుగురు కుర్రాళ్ళు కువైట్ పడమటి సరిహద్దు దగ్గరి వాదీలో, అంటే ఆ ఎండిన లోయలో, గునపాలతో తవ్వుతూ, దొరికిన రాళ్ళను ఎండకు పట్టి చూసుకుంటున్నారు. కింద ఒకే మాట రాశాడు: "మామా, నాయన తిరిగిన చోటు ఇదేనా?" ఇదే. కనుక నేనిప్పుడు చెప్పబోయేది యుద్ధమూ, ఎడారీ, రత్నాలూ కలిసిన మహాగాథ. తీరా ఆలోచిస్తే, యుద్ధంలో నేను చేసింది రొట్టెల కోసం వరసలో నిలబడటం, ఎడారిలో చేసింది చెమట తుడుచుకోవడం. రత్నాల సంగతి మాత్రం కొంచెం ఉంది.

ఆ రోజుల్లో నేను జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరును. నన్ను అక్కడికి రప్పించిన మా బావ, అక్క మొగుడు, అదే ఇంట్లో వంటవాడు. మా కఫీల్‌కు, అంటే మమ్మల్ని పనికి పెట్టుకున్న ఆ ఇంటి యజమానికి, ఊరవతల ఎడారిలో గొర్రెల దొడ్డి ఉండేది, శుక్రవారం దాణా దింపడానికి నేను బండి తీస్తే బావ కూడా ఎక్కి కూర్చునేవాడు, ఎందుకంటే దొడ్డి దాటి కొంతదూరం పోతే ఆ వాదీ. మా సీమలో తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాలు వెతకడం మా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు. బావ చిన్నప్పటినుంచీ అందులో ఆరితేరినవాడు, అంటే ఒక్కటీ దొరకనివాడు. ఇక్కడా అదే పద్ధతి: చలికాలం వాన పడిన మరునాడు, వాలుతున్న పొద్దుకు ఎదురుగా నడుము వంచి నడవడం, తళుక్కుమన్న చోట తవ్వడం, రాయిని నాలుకమీద పెట్టుకుని చల్లదనం ఎంతసేపు నిలుస్తుందో చూడటం. రెండేళ్ళలో బావ రుచి చూసినంత ఎడారిని ఆ గొర్రెలు కూడా చూసి ఉండవు.

"ఏం బావా, ఉప్పు సరిపోయిందా?" అనేవాణ్ణి.

"నవ్వురా అబ్బీ, నవ్వు. నేను మేడ కట్టినాక కింద రూము నీకే. గేటుకాడ కుర్చీ గూడా ఏపిస్తా."

ఆ మేడ వెనక ఉన్న కోరికను మాత్రం నవ్వకుండా చెప్పేవాడు: ఇంకొకరి వంటింట్లో ఇంక నిలబడకూడదు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. కొన్ని వారాలకు కఫీల్ మా పాస్‌పోర్టులు చేతిలో పెట్టి, ఖలాస్, ఇక మీ దారి మీరు చూసుకోండి అన్నాడు. తెరిచి చూస్తే అందులో ఫోటో దిగినవాడు నాకంటే సంతోషంగా ఉన్నాడు. బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు పోయే బస్సు దొరికింది. దారిలో సైనికులు విలువైనవన్నీ లాక్కుంటున్నారని వినికిడి. బావ రెండేళ్ళుగా ఏరి దాచుకున్న రాళ్ళను ఎక్కడ పెట్టాడో నాతో చెప్పలేదు, నీళ్ళ క్యాను మోసే పని మాత్రం నాకు అప్పగించాడు. ఒక తనిఖీలో నా గడియారం పోయింది, ఇంకో తనిఖీలో ఎవరిదో టేప్‌రికార్డరు పోయింది, క్యాను జోలికి ఎవరూ రాలేదు.

జోర్డాన్ సరిహద్దు దగ్గర బస్సు మమ్మల్ని గుడారాల మధ్య దింపి వెళ్ళిపోయింది. రెండో రోజు మధ్యాహ్నం క్యాను వంచితే నాలుగు గుక్కలు వచ్చి ఆగిపోయింది, బరువు మాత్రం ఆగిపోలేదు. ఊపితే గలగలమంది. బావ నా మొహం చూడలేదు.

"నీళ్ళల్లో ఏస్తే కనపడవని..." అన్నాడు.

గిన్నెలో బియ్యం పోసేకొద్దీ నీళ్ళకు చోటు తగ్గుతుందని తెలియని వంటవాడేం కాదు. "ఇంతదూరం నాతో నీ మేడ మోయించినావా బావా?" అన్నాను. ఇద్దరం నవ్వబోయాం కానీ పెదాలు పగిలి ఉన్నాయి.

సాయంత్రానికి ట్యాంకరు వచ్చింది. మనిషికి ఇన్ని నీళ్ళని లెక్కేం లేదు, ఒక వంతుకు ఒక క్యాను, అందులో పట్టినంత. మళ్ళీ ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మా వంతు వచ్చింది. వెనకవాళ్ళు యల్లా, యల్లా అని తొందరపెడుతూ అరుస్తున్నారు. నా నోట్లో తడి లేదు. బావ ఒక్క క్షణం ఆగి, క్యానును తలకిందులు చేసి పట్టుకున్నాడు. రెండేళ్ళ శుక్రవారాలు ఇసుకమీద పడి, వాలుతున్న ఎండలో నేనెన్నడూ చూడనంతగా మెరిశాయి. ఒక్కరూ వంగి చూడలేదు, వాటిమీదే కాళ్ళు పెట్టి ముందుకు జరిగారు. బావ కనీసం ఒక్కటైనా జేబులో వేసుకుంటాడనుకున్నాను. ఆయన క్యాను మూతి గొట్టం కిందికి సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటున్నాడు.

యుద్ధం ముగిశాక బావ మళ్ళీ కువైట్ వెళ్ళి, ఇంకో ఇంట్లో, ఇంకో వంటింట్లో పదిహేనేళ్ళు నిలబడ్డాడు. వాదీ వైపు మళ్ళీ పోలేదు, మేడ మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఉప్పు మాట ఎత్తలేదు. ఇప్పుడు రాయిని ఫోన్‌కు చూపిస్తే అదేమిటో అక్కడికక్కడే చెప్పేస్తుందట. బావ ఉన్నప్పుడు అలా చెప్పేవాళ్ళు లేరు గనకనే ఒక మనిషి రెండేళ్ళపాటు, ఎవరి వంట వండుతున్నా, లోపల ధనవంతుడిగా బతకగలిగాడు. అవి నిజంగా రత్నాలేనా అని నన్నడిగితే ఈనాటికీ నాకు తెలియదు.

క్యానులో ఇరవై లీటర్లు పట్టాయి.