పసుపు పెట్టిన పాము

పోయిన వారం షార్జా అల్ నహ్దాలోని మా ఫ్లాటుకి ఏసీ బాగుచేసే మనిషి వచ్చాడు. హాల్లో ఫాల్స్ సీలింగు పలక ఒకటి ఊడదీసి, నిచ్చెన మీద నిలబడి, లోపలికి చెయ్యి పెట్టి దేన్నో లాగాడు. మడతలు మడతలుగా ఉన్న వెండిరంగు గొట్టం ఒకటి దుమ్ము రాల్చుకుంటూ మెల్లగా కిందికి జారింది. సగం దూరం వచ్చి ఆగి, చివర కొద్దిగా పైకి లేచి, అటూ ఇటూ ఊగింది. నేను టీ కప్పుతో ఉన్నచోటే నిలబడిపోయాను. సగం జీవితం అలాంటి గొట్టాల మధ్య గడిపినవాణ్ణి, వాటి కొలతలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయినా దాని చివర మీంచి చూపు తిప్పుకోలేదు. పైనుంచి ఆ మనిషి "డర్ గయే క్యా, చాచా?" అని నవ్వాడు. భయమేం లేదని నేనూ నవ్వాను గానీ, అప్పటికే టీ తొణికి చొక్కా తడిసింది.

ఈ భయం నాకు కరోనా రెండో ఏడు వేసవిలో పట్టుకుంది. అప్పుడు నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఏసీ డక్టు గొట్టాలు తయారుచేసే వర్క్‌షాపులో స్టోర్‌కీపర్ని. పెద్దగా పనుల్లేవు. ముదీర్, అంటే మా మేనేజరు, వారానికోసారి వచ్చి, ఖాళీ షెడ్డుని ఆ చివరినుంచి ఈ చివరికి చూసి, ఏమీ అనకుండా కారెక్కేవాడు. మా పిన్ని కొడుకొకడు రోలా బజారులో ఒక టైపింగ్ సెంటర్లో వీసా ఫారాలు నింపుతూ ఉండేవాడు. వాడికి అమలాపురంలో నిక్కర్లు తొడుక్కునే వయసునుంచీ సినిమా పిచ్చి. ఒక శుక్రవారం మా ఇంటికొచ్చి, మా ఆవిడ వేసిన నాలుగో పెసరట్టు తింటూ కథ చెప్పాడు. ఎడారి ఇసుక కింద వందడుగుల పాము. లేబర్ క్యాంపులో వాళ్లని ఒక్కొక్కరినే మింగుతూ ఉంటుంది. ఆఖరికి ఒక వెల్డర్ దాన్ని చంపుతాడు. అంతే. "ఎందుకు మింగుతోందిరా, పగా, శాపమా?" అని అడిగాను. "ఆకలి, అన్నయ్యా" అన్నాడు, చట్నీ ఇంకొంచెం వేసుకుంటూ. వాడి దగ్గర ఫోనుంది, ఫోను నిలబెట్టే స్టాండుంది. లేనిదల్లా పాము. అది నా స్టోర్లో ఉందని వాడి నమ్మకం.

ఉన్నమాట నిజమే. ఒక పెద్ద బిల్డింగు కోసం తెప్పించి, కొలత తేడా వచ్చి మూలన పడేసిన డక్టు గొట్టం చుట్టలు చుట్టలుగా ఉండేది. మనిషి దూరగలిగేంత లావు. దాన్ని పాముగా మార్చింది మా మేస్త్రి. జగిత్యాల దగ్గర పల్లెటూరాయన, షార్జాకి నాకన్నా ముందొచ్చినవాడు. మితభాషి. రేకు ముక్కని చేత్తో తడిమి మందం చెప్పేవాడు. ముందు ఈ పాము పని చిన్నపిల్లల ఆటలా ఉందని మొహం తిప్పుకున్నాడు గానీ, రెండు రోజుల్లో ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ఆయనే చేశాడు. మిగిలిన రేకుల్ని చేపపొలుసుల్లా కత్తిరించి గొట్టం మీద అతికించాడు. పడగని రేకుతో మలిచాడు. లారీ వెనక ఉండే ఎర్ర రిఫ్లెక్టర్లు రెండు కళ్లయ్యాయి. వైర్లు కట్టే ప్లాస్టిక్ బద్దీలు కోరలయ్యాయి. తోక చివర పెడెస్టల్ ఫ్యాను పెట్టి గాలి పంపితే ఒళ్లంతా పొంగేది. పడగకి నైలాన్ తాడు కట్టి షెడ్డు దూలం మీదుగా వేశాడు, వెనకనుంచి ఆయన లాగితే తల లేచేది. అన్నీ అయ్యాక తమ్ముడు చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం దాని ఎదురుగా నిలబడి భోజనం చెయ్యాలనిపించలేదు.

పొరపాటు షూటింగు మొదటిరోజే జరిగింది. మా షెడ్డులోకి ఏ కొత్త మిషను వచ్చినా, రేకు వంచేదైనా కోసేదైనా, మేస్త్రి దానికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించాకే స్విచ్చి వేసేవాడు. ఆ అలవాటుకొద్దీ ఆ ఉదయం పాము పడగకి కూడా పసుపు రాశాడు. బొట్టు పెట్టాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. బొట్టు పెట్టాక ఒక్క క్షణం దాని మొహంలోకి చూసి, టీ కోసం తెచ్చిన పాలగ్లాసు తీసుకుని కొంచెం దాని నోట్లో పోశాడు. అక్కడున్న పదిమందీ నిజామాబాద్, జగిత్యాల వైపువాళ్లే. వాళ్ల మొహాల్లో నవ్వు పోవడం నేను కళ్లారా చూశాను. ఆ రోజునుంచి ఆ గొట్టాన్ని ఎవరూ దాటలేదు, చుట్టూ తిరిగి వెళ్లారు. దగ్గరికొచ్చేటప్పుడు సేఫ్టీ బూట్లు విప్పేవారు. మా తమ్ముడొక్కడే చెప్పులతో దాని వీపు మీద కూర్చుని ఫోను సర్దుకుంటూ ఉండేవాడు, మిగతావాళ్లు వాడివైపు జాలిగా చూసేవారు.

శుక్రవారాలు సెలవు, అప్పుడు మాత్రమే షూటింగు. ఆ పూట ఇండస్ట్రియల్ ఏరియా ఎలా ఉంటుందో చూడనివాళ్లకి చెప్పడం కష్టం. వారమంతా లారీలు, గ్రైండర్లు, ఫోర్క్‌లిఫ్టులు మోతెక్కించే వీధులు మిట్టమధ్యాహ్నం తెల్లటి ఎండలో ఒక్క మనిషి లేకుండా పడుంటాయి. షట్టర్లన్నీ దించి ఉంటాయి. ఎక్కడో రేకు వేడెక్కి టప్పుమని శబ్దం చేస్తే, అది ఏ షెడ్డులోంచో తెలియదు. నేను తాళం తీసి లోపలికెళ్లేసరికి పాము ముందురోజు వదిలినచోట ఉండేది కాదు. జానెడు ముందుకో, మూరెడు పక్కకో ఉండేది. ఎండకి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, గొట్టం సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. ఈ సంగతి కూలీలకి నేనే విడమరిచి చెప్పాను. చెబుతున్నంతసేపూ నా వెనక అది మెల్లగా పొంగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, వెనక్కి తిరిగి చూడటానికి మనసు రాలేదు. ఇంట్లో మా ఆవిడతో మాత్రం సరదాగా ఉందని చెప్పేవాణ్ణి.

సినిమాలో వెల్డర్ వేషం వేసింది మేస్త్రి అల్లుడు. నిజంగానే వెల్డర్, మంచి పొడగరి, మా తమ్ముడికి మొదటిచూపులోనే నచ్చేశాడు. క్లైమాక్సు ఒక్కటే మిగిలింది. శనివారం తుక్కు లారీ వచ్చి షెడ్డులో పాత సామానంతా ఎత్తుకుపోతుందని ముదీర్ చెప్పేశాడు, కాబట్టి ఆ శుక్రవారం చంపాల్సిందే. అల్లుడు ఇనపరాడ్డు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మేస్త్రి వెళ్లి ఆ రాడ్డు చేతిలోంచి తీసుకుని గోడకి ఆనించాడు. "వీడు కొట్టడు సార్" అన్నాడు నాతో. మా తమ్ముడు ఎందుకని అడిగితే వాడివైపు చూడనైనా చూడలేదు. "ఊర్ల నా బిడ్డ కడుపుతోని ఉన్నది సార్. ఎనిమిదో నెల. ఇంతకుముందు రెండుసార్లు పోయింది. పెండ్లాం కడుపుతోని ఉంటే మొగడు పామును సంపొద్దు. మా దిక్కు పసిపోరనికి సుత తెలుసు గది."

ఆ నియమం మా గోదావరి వైపూ ఉంది, నాకు కొత్తేం కాదు. అల్లుడు నవ్వబోయాడు. "మామా, గిది పైపే గద. మనమే చేస్తిమి." మేస్త్రి గొంతు పెంచలేదు. "పైపుకు నేను పాలు పోస్తనా? పసుపు పెట్టినంక గది పైపు కాదు. తప్పు నాదే, నా చెయ్యి ఊకుంటలేదు. నా తప్పు నా బిడ్డ కడుపు మీదికి రానియ్య." కూలీల్లో ఇంకెవరినైనా కొట్టమందామంటే ఒకరి చెల్లెలు, ఒకరి కోడలు, ఇంటికొక గర్భిణి ఉన్నట్టే అందరూ నేల చూపులు చూశారు. తమ్ముడు తనే కొడతానన్నాడు గానీ, వాడు కొడితే ఫోను పట్టడం తెలిసినవాళ్లు లేరు, పైగా వాడు అల్లుడి భుజం దాకా కూడా రాడు.

"నాకివ్వండి, నేను కొడతాను. మా ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లెవరూ లేరు" అన్నాను. పెళ్లయి ఇరవై ఆరేళ్లు, ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు, ఆ మాట చాలా తేలిగ్గా నా నోట్లోంచి వచ్చింది. మేస్త్రి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీకేం కాదు సార్. దోషం తగుల్తే తగలనీకి ఇంట్ల ఎవరున్నరని" అన్నాడు. ధైర్యం చెప్పడానికే అన్నాడు, ఆయన మనసులో ఏమీ లేదు. నేనూ తలూపాను. కానీ ఆ మాట లోపలికి దిగి ఎక్కడో ఆగింది, నొప్పిగా.

అల్లుడు పనిలో వేసుకునే కవరాల్ తొడుక్కున్నాను. మొహం కనబడకుండా వెల్డింగు హెల్మెట్టు పెట్టారు. నల్లద్దంలోంచి ఏమీ కనిపించదని, అది తీసేసి నీలం ప్లాస్టిక్ కాగితం అంటించారు. దాంతో షెడ్డంతా నీళ్లలో మునిగినట్టు నీలమైపోయింది, పాము ఎర్రకళ్లు నల్లగా కనిపించాయి. మేస్త్రి అల్లుణ్ణి గేటు బయటికి పంపి, వీపు ఇటు తిప్పి నిలబెట్టి వచ్చాడు. మోత పడుతోందని ఫ్యాను ప్లగ్గు పీకేశారు. తమ్ముడు "యల్లా" అని మొదలుపెట్టమన్నాడు. నేను రాడ్డెత్తి నాలుగడుగులు వేశాను. తల లేచింది. రిహార్సల్లో లేచినట్టు కుదుపుతో కాదు, నిద్రలోంచి లేచినట్టు నింపాదిగా లేచింది. లేచి నన్ను చూడకుండా గేటువైపు తిరిగింది. బయట అల్లుడు నిలబడ్డ వైపు. ఇంక ఆలోచించలేదు, శక్తికొద్దీ కొట్టాను. పడగ ఒరిగింది. అప్పుడు దాని నోట్లోంచి గాలి వచ్చింది. వేడిగా, పసుపువాసనతో, పొడుగ్గా. నేను రాడ్డు కింద పెట్టాను, హెల్మెట్టు తీశాను, మొహం తుడుచుకున్నాను, అది ఇంకా వస్తూనే ఉంది. "ఖలాస్" అని తమ్ముడన్నాక గానీ ఆగలేదు.

మర్నాడు లారీ వచ్చి పాముని తీసుకుపోయింది. ఆ తర్వాత మూడు వారాలు మేస్త్రి ఫోను మోగినప్పుడల్లా షెడ్డంతా పని ఆపేది. విమానాలు సరిగ్గా లేవు, వెళ్దామన్నా దారి లేదు. ఒకరోజు పొద్దున్నే ఆయన ఫోను చెవికి పెట్టుకుని, రేకుల దొంతర మీద కూలబడ్డాడు. తర్వాత తలెత్తి, "ఆడపిల్ల సార్. ఇద్దరు మంచిగున్నరు" అని ఏడ్చాడు. నేను స్టోర్లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. ఎవరి కోసమో అప్పుడు నాకు తెలియలేదు.

సినిమా యూట్యూబులో వచ్చింది. మనుషుల కన్నా పైపు బాగా నటించిందని ఎవరో రాస్తే మా తమ్ముడు రెండు రోజులు అన్నం తినలేదు. నేను ఆ చివరి సీను చాలాసార్లు చూశాను. తల లేచేటప్పుడు, తెరకి ఎడమచివర మేస్త్రి కొద్దిగా కనిపిస్తాడు. రెండు చేతులూ జోడించి ఉన్నాడు. తాడు దూలంనుంచి వదులుగా వేలాడుతోంది. ఆయన్ని అడిగాను, ఆ రోజు తాడు ఎవరు లాగారని. "నేనైతే దండం పెట్టుకుంట నిలబడ్డ సార్. మీరు ఇంకెవరికన్న చెప్పిన్రనుకున్న" అన్నాడు. ఇప్పుడాయన ఊళ్లోనే మనవరాలితో ఉంటున్నాడు.

మా ఆవిడకి ఇదంతా చెప్పకూడదనుకున్నాను. కానీ ఆవిడ ఫోన్లో సినిమా చూస్తూ, హెల్మెట్టు పెట్టుకున్న మనిషి రాడ్డెత్తి నాలుగడుగులు వేసేసరికే ఆపేసి, "ఇది మీరు కదూ" అంది. నా నడకలో ఎడమకాలు కొద్దిగా లాగుతుందని ఈ భూమ్మీద ఆవిడకొక్కదానికే తెలుసు. అప్పుడు మొత్తం చెప్పాను, మేస్త్రి అన్న మాటతో సహా. కోప్పడుతుందనుకున్నాను, వాళ్ల పాప క్షేమమే కదా అంటుందనుకున్నాను. ఆవిడ చాలాసేపు ఫోను అద్దాన్ని చీరచెంగుతో తుడిచి, "తగలడానికి ఇంట్లో ఎవరున్నారని ఆయనంటే మీరు తలూపారా? నేను లేనా?" అంది.

ఆ ఏడు నాగులచవితికి ఆవిడ చిమ్మిలి, చలిమిడి చేసింది. షార్జాలో పుట్ట ఎక్కడ దొరుకుతుంది, బాల్కనీలో కరివేపాకు కుండీలో పాలు పోసి, ఆ తడిమట్టి కొంచెం తీసి నా చెవులకి రాసింది. రాస్తూ పెదాలు కదిపి ఏదో మొక్కుకుంది. ఏటా చేస్తోంది. ఆ చల్లటి వేళ్లు చెవికి తగిలినప్పుడల్లా, రాని బిడ్డ కోసం మేమిద్దరం ఎదురుచూస్తూ గడిపేశామనుకున్న ఇన్నేళ్ల కాలమంతా, నా కోసం భయపడే మనిషి నా పక్కనే ఉందని తెలుసుకోవడానికి నాకు పట్టిన కాలమేననిపిస్తుంది.