తిరుపాలమ్మ మొదటి గింజ

కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో వేరుశనగ విత్తాలంటే తిరుపాలమ్మ రావాలి. యాభై దాటినా, గొర్రు వెనక నడుస్తూ ఆమె వదిలే గింజల మధ్య ఎడం కొలిచినట్టే ఉంటుంది. ఆమెకో ఆచారముంది. సంచి విప్పగానే మొదటి గింజ ఆ ఇంటి చిన్నబిడ్డ నోట్లో పెడుతుంది. మందు పట్టించిన విత్తనమైతే రంగుపొడి అంటి ఎర్రగా ఉంటుంది కాబట్టి, దాని దగ్గరికి బిడ్డను రానివ్వదు.

మొన్న జూన్‌లో మంచి వాన పడిన మరునాడు భరత్‌కుమార్ అనే కంపెనీ ఉద్యోగి రెండు సంచుల విత్తనం తెచ్చాడు. ప్రయోగమట, ఉచితమట. జన్యువులు మార్చిన నేల బ్యాక్టీరియాను బెల్లంనీళ్లతో గింజలకు పట్టించారట. అది వేళ్ల చుట్టూ పెరిగి, మొదలుకుళ్లు తెచ్చే బూజును అడ్డుకుంటుందట. నేను మైక్రోబయాలజీ చదివాను. ఏ జన్యువు మార్చారు, అనుమతి కాగితం ఏదీ అని అడిగాను. పైవాళ్లను కనుక్కుని చెప్తానన్నాడు. నిరుడు సగం చేను కుళ్లిపోయిన బాధలో మా ఆయన సరేనన్నాడు.

నేనింకా అడుగుతూనే వెనక్కి తిరిగితే, మా నాలుగేళ్ల పాప చంద్రిక దవడ ఆడుతోంది. తిరుపాలమ్మ సంచి విప్పేసింది. గింజలకు రంగు లేదు మరి.

వేలు పెట్టి పాప నోరు తుడిచాను. సగం అప్పటికే మింగేసింది.

"ఏం కాదు మేడమ్, మట్టిలో ఉండేదే," అన్నాడు భరత్‌కుమార్.

సంగతి తెలిసి తిరుపాలమ్మ మొహం మాడిపోయింది. గుప్పెడు గింజలు అతని ముందు చాపింది. "ఏం కాదంటివి గదప్పా, నువ్వు తిను."

శనివారం, ఉపవాసమన్నాడు.

"పొద్దన్నే బస్టాండు కాడ బజ్జీలు తింటాంటే చూసినాలే."

నేల తడి ఆరిపోతున్నా ఆ రోజు ఆమె విత్తలేదు. పాప పక్కనే కూర్చుని, అది దగ్గినప్పుడల్లా నా మొహం చూసింది. ఫోన్లో డాక్టరు ఆ బ్యాక్టీరియా పేరడిగాడు. సంచి మీద నంబరు తప్ప పేరు లేదు.

మర్నాడు పాప లేచి రొట్టె అడిగింది. నా అనుమానం మాత్రం పోలేదు. తిరుపాలమ్మ వచ్చి, ఆ సంచుల్లో కుంకుమ గుమ్మరించి కలిపింది. బ్యాక్టీరియా చచ్చిపోతుందని, మళ్లీ వచ్చిన భరత్‌కుమార్ మొత్తుకున్నాడు.

"కుంకానికే సచ్చేది తెగులునేం ఆపుతాది? ఎర్రగుంటే ఏ బిడ్డా నోట్లో పెట్టుకోదు," అంది.

ఆ విత్తనాన్ని చేను చివర ఐదు సాళ్లలోనే వేసింది. మిగతా చేనంతటికీ మా ఇంటి విత్తనం. మా సంచిలోంచి మొదటి గింజ తీసి, చంద్రిక దాకా వెళ్లి, నా వైపు చూసింది. వద్దన్నట్టు తలూపాను.

ఆ గింజను తన నోట్లోనే వేసుకుని గొర్రు వెనక నడిచింది.