అడ్డుకోత నేర్పిన బావి

కర్నూలులో మాది పటాలు గీసే ఆఫీసు. తొమ్మిదేళ్ళుగా ఎవరో తిరిగొచ్చిన ఊళ్ళను ట్రేసింగ్ కాగితం మీద గీస్తూ కూర్చున్నాను. ఫీల్డుకు పంపాలంటే పరీక్ష పాసవ్వాలి. రెండుసార్లూ అడ్డుకోత దగ్గరే తప్పాను. పటం మీద ఒక గీత వెంట నేలను కోసినట్టు ఊహించి, లోపలి రాళ్ళను పక్కనుంచి చూపించే బొమ్మ అది. రెండోసారి జవాబు పత్రం మీద ఎర్రసిరాతో "ఈ నేలను ఎప్పుడైనా చూశారా?" అని రాశారు. ఒళ్ళు మండింది. ఆఖరి అవకాశం సోమవారం. శనివారం సెలవు పెట్టి, పరీక్షలో ఇచ్చిన ఆ పటాన్నే సంచిలో వేసుకుని బయల్దేరాను.

ఉదయం ఐదింటి బస్సు తొమ్మిదికి అనంతపురం చేర్చింది. బస్టాండు ఎదురుగా ఉగ్గాని, బజ్జీ తిని, తొమ్మిది నలభైకి రాప్తాడు మీదుగా పోయే పల్లె బస్సెక్కాను. కొండ దగ్గర దింపమని కండక్టరుకు చెప్పాను.

"ఈ దోవలో కొండ యాడుండాదమ్మా?"

పటం విప్పి చూపించాను. ముందు సీటు పెద్దాయన తొంగిచూసి, "మిట్టను కొండంటాండాదన్నా ఈయమ్మ" అన్నాడు. బస్సంతా నవ్వింది.

దిగి చూస్తే నిజంగా మిట్టే. చదునైన నేల అడ్డుకోతలో ఆనదని ఎత్తును ఐదింతలు సాగదీసి గీయడం మాకు అలవాటు. సాగదీసిన సంగతి మరిచి, లేని కొండ కోసం ఇంత దూరం వచ్చాను.

పటంలో ఎనిమిది సెంటీమీటర్ల గీత, కాళ్ళకు నాలుగు కిలోమీటర్లు. వేరుశనగ పీకేసిన చేలల్లో నడుస్తుంటే గొర్రెలు మేపుకుంటున్న ఓబుళమ్మ ఎదురైంది.

"బోరు పాయింటు చూసేదానికొచ్చినావా పాపా?"

"కాదక్కా. నేల లోపల ఎలా ఉంటుందో గీయడం నేర్చుకుంటున్నాను."

"లోపల చూడాల్నంటే దిగితే సరిపాయ గదా! మా బాయి ఎండి రెండేండ్లాయ. దా."

ఏడెనిమిది నిలువుల లోతు బావి. రాతిమెట్ల మీద ఆమె ముందు, నేను వెనక. పైన ఎర్రమన్ను, కింద గరుసు, ఆ కింద గట్టిరాయి. దాన్ని చీల్చుకుంటూ ఏటవాలుగా నల్లరాతి పట్టీ. తొమ్మిదేళ్ళు రంగులు వేసిన దాన్ని మొదటిసారి చేత్తో తాకాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక్కడే ఉండిపోవాలనిపించింది.

"మా నాయన తవ్వించినాడు" అంది ఓబుళమ్మ, అడుగున ఎండిన బురదను కాలితో కదుపుతూ. "బాగా చూసుకో పాపా. వాన బడి ఊటొచ్చిందంటే ఇవేవీ కానరావు."

మధ్యాహ్నం ఆమె రాగిసంగటి నాకింత పెట్టింది. నాలుగున్నర బస్సులో ఒళ్ళో అట్ట పెట్టుకుని అడ్డుకోతను మళ్ళీ గీశాను. ఎత్తును సాగదీస్తే బావిలో చూసిన నల్లరాతి వాలును కూడా సరిపడా నిటారుగా నిలపాలి. ఇన్నాళ్ళూ వాలును ఉన్నదున్నట్టే ఉంచి తప్పాను. ఈసారి కుదిరింది.

సోమవారం గట్టెక్కితే ఎన్ని ఊళ్ళైనా తిరుగుతాను. కానీ మనసు ఆ బావి గోడనే కోరుకుంటోంది. ఇంకొక్కసారి, తీరిగ్గా, పొద్దుగూకేదాకా చూసుకోవాలని. అలా చూడాలంటే ఓబుళమ్మ బావి ఎండే ఉండాలి. ఆ ఆశ పుట్టినందుకే సిగ్గుపడ్డాను. కిటికీలోంచి ఆకాశం వైపు చూశాను, మబ్బు ఎక్కడైనా ఉందేమోనని.