కనుబొమ మీది నీలం గీత

చంద్రపూర్‌లో మా బావ బొమ్మలు వేయడం మానేయడానికి కంప్యూటర్ బ్యానర్లే కారణమని ఊళ్లో అంటారు. కళ్లు దెబ్బతిన్నాయని మా అక్క అంటుంది. రెండూ నిజం కాదు. కారణం నేను.

ఇంటింటికీ కలర్ టీవీలు వస్తున్న రోజులవి. మేమిద్దరం పెయింటింగ్ దుకాణం నడిపేవాళ్లం. బోర్డుల మీద అక్షరాలు నావి, మనుషుల ముఖాలు ఆయనవి. ఆయన వేసిన ముఖంలో కుంచె గీతలు అలాగే కనబడేవి. నాకవి మోటుగా అనిపించేవి. నున్నగా చేద్దామంటే, "మొకం గోడ కాదుర బామ్మర్దీ, సున్నం గొట్టినట్టు గొట్టనీకి" అని నవ్వేవాడు.

ఘుగ్గుస్ బొగ్గుగనిలో పనిచేసి చనిపోయిన ఒకాయన బొమ్మ కావాలని ఆయన భార్య వచ్చింది. తెచ్చిన ఫొటో పెళ్లినాటిది. తర్వాత గనిలో దెబ్బ తగిలి, బొగ్గుపొడి లోపలే ఉండిపోయి మానిన నీలం గీత ఎడమ కనుబొమ మీద ఉండేదని తన ముఖం మీదే వేలితో గీసి చూపించింది. బావ ఆ నల్లటి ముఖం మీద గీతను సన్న కుంచెతో ఒక్క ఊపులో వేశాడు. ఆయిల్ రంగు కాబట్టి చాలా రోజులు ఆరబెట్టాం.

ఆమె వచ్చే ముందురోజు, బావ భోజనానికి వెళ్లినప్పుడు, నేను తెలుపులో కాస్త గులాబీ కలిపి ముఖమంతా పూశాను. గీత పోయింది. ముఖం క్యాలెండర్ బొమ్మలా మెరిసింది. బాగుచేశాననే అనుకుని, గోడవైపు తిప్పి పెట్టాను.

తెల్లారి ఆమె చూసింది.

"అన్నా, గీయనెవరు? మా ఆయన బొగ్గుబాయిల దిగెటోడు. గీయన ఆఫీసుల కూసునెటోని లెక్కున్నడు. మచ్చేది?"

బావకు అప్పటికే చూపు కొంచెం మసక. కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరగా చూశాడు.

"ఏసినట్టే యాదికున్నది. ఏయలేదార?"

"లేదు బావా."

"ఈ రంగు గూడ నేనే కలిపిన్నా?"

"నువ్వే."

ఆయన ఆమెకు దండం పెట్టి, "తప్పు నాదేనమ్మా" అన్నాడు. గీత వేయబోయి, కుంచెను ముఖం దాకా తీసుకెళ్లి, ఆగి, కింద పెట్టేశాడు. ఆమె బొమ్మ వదిలేసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన నాతోపాటు గోడల మీద సిమెంటు ప్రకటనల అక్షరాలే రాశాడు. డబ్బా మూత తీసిన ప్రతిసారీ "గిది నీలమేనార?" అని నన్నే అడిగేవాడు.

ఆమె వచ్చిన ఆ పొద్దున, ముందురోజు నేను పూసిన రంగు ఇంకా పచ్చిగానే ఉంది. దాని కింద ఆయన గీత ఆరి గట్టిపడి ఉంది. ఒక్కసారి తుడిస్తే బయటపడేది. గుడ్డ నా చేతిలోనే ఉంది.